పిల్లలకు కావలసింది అనువాదం కాదు, అక్షరం

తెలుగు మన పిల్లల చెవికి తెలుసు, కంటికి తెలియదు. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలలోని తెలుగు కుటుంబాల నేటి స్థితి ఇదే. ఇంట అవ్వతాతలతోనూ, సంతలో అంగడివాళ్ళతోనూ, పొలంలో కూలివాళ్ళతోనూ పిల్లవాడు మాట్లాడేది తెలుగు. బడిలో దిద్దేది కన్నడ అక్షరాలు, ఆపైన ఇంగ్లీషు అక్షరాలు. మదనపల్లె నుంచో, హిందూపురం నుంచో చుట్టాలు పంపిన తెలుగు పెండ్లిపత్రిక చేతికిస్తే ఒక్క ముక్క చదవలేడు. అదే పత్రికను మనం చదివి వినిపిస్తే ఒక్క మాటకైనా అర్థం అడగడు. నుడి ఉన్నది, దానిని చదివే దారి లేదు.

ఈ స్థితి ఒక్కనాటిది కాదు. 1956లో భాషాప్రాతిపదికన రాష్ట్రాలను పునర్విభజించినప్పుడు కోలారు జిల్లా మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 2007లో ఆ జిల్లానుండి చిక్కబళ్ళాపురం జిల్లా వేరుపడింది. పాలనాపటం మారిందే గాని ఇళ్ళలోని పలుకు మారలేదు. తమదైన భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కు పౌరులకు ఉన్నదని రాజ్యాంగం 29వ అధికరణం చెబుతున్నది. భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లినుడిలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయడానికి ప్రతి రాష్ట్రమూ పాటుపడాలని, 1956 నాటి ఏడవ సవరణతో వచ్చిన 350ఎ అధికరణం చెబుతున్నది. 29వ అధికరణంలో భాష పక్కనే లిపి అన్న మాట కూడా ఉన్నదని చదువరులు గమనించాలి. లిపి వేరుగా కాపాడుకోవలసిన ఆస్తి అని రాజ్యాంగం రాసినవారికి తెలుసు.

ఆ హక్కుకోసం అడగడం ఆపరాదు. అయితే అర్జీలకు జవాబు వచ్చేదాకా పిల్లలు ఎదగకుండా ఆగరు. అయిదవ ఏట తెలుగు బడి దొరకని బిడ్డకు పదిహేనవ ఏట దొరికినా జరగవలసిన నష్టం జరిగిపోయే ఉంటుంది. కనుక ఎవరి అనుమతీ అక్కరలేకుండా మన చేతులతో మనం చేయగల పనులను వెదకాలి. అటువంటి పనులలో ఒకటి ఇంటికొక తెలుగు బ్లాగు నడపడం. దానికి ఏ ఉపకరణాలను తగిలించుకోవాలి, వేటిని దూరంగా ఉంచాలి అన్నది చిన్న విషయంగా కనబడవచ్చు. నా ఉద్దేశంలో సరిహద్దు తెలుగువారికి అది భాషకు సంబంధించిన విషయమే.

బ్లాగు అనేది తెలుగువారికి కొత్త సంగతి కాదు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారి చొరవతో తెలుగు వికీపీడియా మొదలయింది. 2006లో వీవెన్ గారు లేఖినిని, కూడలిని అందించారు. ఇంగ్లీషు మీటలతో తెలుగు రాయడానికి లేఖిని, ఎవరెవరు ఏమి రాస్తున్నారో ఒక్కచోట చూడడానికి కూడలి తోడ్పడ్డాయి. ఆ నాలుగైదేళ్ళలో హైదరాబాదులోనూ, బెంగళూరులోనూ, అమెరికాలోనూ ఉద్యోగాలు చేసుకునే తెలుగువారు వందలకొద్దీ బ్లాగులు తెరిచారు. అయితే ఆ రాతలలో కోలారు, చిక్కబళ్ళాపురం పల్లెల తెలుగు నాకు చాలా అరుదుగా కనబడింది. రాయగలవారికి మన పలుకు తెలియదు. మన పలుకు తెలిసినవారికి రాయడం రాదు. ఈ ఎడమును పూడ్చవలసినవాళ్ళం మనమే.

ఇప్పుడు ఉపకరణాల సంగతి. బ్లాగు నడిపే వ్యవస్థ ఇల్లయితే, దానికి బయటినుండి తెచ్చి తగిలించే చిన్న పనిముట్టు ప్లగిన్. 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్‌కు ఇటువంటివి వేలకొద్దీ ఉన్నాయి. అయితే అక్కడి ఉచిత ఖాతాలో అన్నిటినీ తగిలించుకోనివ్వరు. ఎక్కువ వాటికి డబ్బు కట్టిన ఖాతాగాని, సొంతంగా అద్దెకు తీసుకున్న చోటుగాని కావాలి. బ్లాగరులో గాడ్జెట్లు అనే పేరుతో కొన్ని దొరుకుతాయి. విహరిణికి తగిలించేవాటిని పొడిగింతలు అంటున్నారు. పేరు ఏదయినా అవన్నీ పరాయివాళ్ళు చేసిన పనిముట్లే. వాటిని ఎన్నుకోవడానికి ముందు మన తెలుగుకే చెందిన ఒక పాత అనుభవాన్ని గుర్తుచేసుకోవాలి.

2000ల తొలి పదేళ్ళలో ఈనాడు వంటి పత్రికలు తమ జాలపుటలలో తమవైన ఖతులనే వాడేవి. ఆ ఖతి లేని కంప్యూటరులో తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు కనబడేవి. ఆ రాతను నకలు తీసుకోవడానికీ, వెదకడానికీ వీలుండేది కాదు. ఆ చిక్కు తీర్చడానికి వెన్న నాగార్జున గారే పద్మ అనే పొడిగింతను తయారుచేశారు. ఫైర్‌ఫాక్స్‌కు దానిని తగిలిస్తే, పత్రికల సొంత ఖతులలోని రాత అప్పటికప్పుడు యూనికోడు తెలుగుగా మారి కనబడేది. ఎందరో తెలుగువారికి అది ఎంతో మేలు చేసింది. తరువాత పత్రికలు క్రమంగా యూనికోడుకు మారాయి. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పుతో పాత పద్ధతిలో తయారైన పొడిగింతలు పనిచేయడం మానేశాయి. పనిముట్టు కాలం తీరింది. కాని దాని సాయంతో యూనికోడులోకి మార్చి దాచుకున్న తెలుగు ఇప్పటికీ ఏ ఫోనులోనైనా తెరుచుకుంటుంది. పనిముట్టు పోతుంది, ప్రమాణంలో రాసిన రాత ఉంటుంది. ప్లగిన్లను ఎన్నుకోవడంలో ఇదే మనకు మొదటి సూత్రం కావాలి.

ఈ సూత్రం ప్రకారం మన తాలూకాల తెలుగు బ్లాగుకు అన్నిటికంటే ముందు తగిలించవలసినది ఏది? అనువాదం చేసే మీట అని కొందరు అంటారు. 2011 నుండి గూగుల్ అనువాదంలో తెలుగు, కన్నడం రెండూ ఉన్నాయి కనుక తెలుగు రాతను కన్నడంలోకి మార్చి చూపితే పిల్లలు చదువుతారని వారి వాదన. నేను దీనిని ఒప్పుకోను. మన పిల్లలకు తెలుగు అర్థం కాకపోతే కదా అనువాదం కావలసింది! వారికి అర్థం తెలుసు, అక్షరం తెలియదు. అవ్వ చెప్పిన కథను కన్నడంలోకి మారిస్తే కథ అందుతుంది, అవ్వ నుడి పోతుంది. కావలసింది మాటను మాటగానే ఉంచి, లిపిని మాత్రం మార్చి చూపే మీట.

ఇది కష్టమైన పని కాదు. 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పులోనే తెలుగుకు, కన్నడానికి పక్కపక్కన చోటిచ్చారు. ఒక్కొక్క లిపికి 128 గడులు. రెండింటిలోనూ అక్షరాల వరుస దాదాపు ఒక్కటే. తెలుగు క అక్షరం సంఖ్య 3093, కన్నడ క అక్షరం సంఖ్య 3221. తెలుగు మ 3118 అయితే కన్నడ మ 3246. రెండుచోట్లా తేడా 128. అంటే తెలుగు అక్షరం సంఖ్యకు 128 కలిపితే కన్నడ అక్షరం వస్తుంది, తీసివేస్తే మళ్ళీ తెలుగు వస్తుంది. కొద్దిపాటి మినహాయింపులు లేకపోలేదు. దంత్యాలైన ౘ, ౙ లకు కన్నడ వరుసలో జంటలు లేవు, వాటిని మామూలు చ, జ లుగా చూపుకోవాలి. మిగిలినదంతా చిన్న కూడికే. వినోద్ రాజన్ గారు తయారుచేసిన అక్షరముఖ అనే ఉపకరణం భారతీయ లిపులు ఎన్నింటినో ఇలా ఒకదానినుండి మరొకదానిలోకి మారుస్తుంది. జాలపుటలకు తగిలించుకునే రూపంలోనూ అది దొరుకుతుంది.

ఇక్కడ ఉద్యమంలోని పెద్దలనుండి ఒక అభ్యంతరం వస్తుంది. అది తోసిపుచ్చదగినది కాదు. తెలుగును కన్నడ లిపిలో చదవడం అలవాటయితే తెలుగు లిపి నేర్చుకోవలసిన అవసరమేముంటుంది, మన లిపిని మన చేతులతోనే పూడ్చిపెట్టినట్లు కాదా అని వారి బాధ. దీనికి జవాబు మన నేలమీదనే ఉన్నది. చింతామణి తాలూకాలోని కైవారం తాతయ్య, అంటే యోగి నారేయణ, తెలుగులోనూ కన్నడంలోనూ పదాలు చెప్పారు. ఆ తెలుగు పదాలను కన్నడ లిపిలో చూసి పాడుకునేవారు మన నడుమ ఎందరో ఉన్నారు. లిపి మారినంతమాత్రాన ఆ పదాలు కన్నడం కాలేదు, తెలుగుగానే నిలిచాయి. కన్నడ లిపి అక్కడ తెలుగును కాపాడింది.

అయితే పెద్దల భయంలోనూ నిజమున్నది. కన్నడ లిపితో తృప్తిపడినవారికి ఆ పదాలు దక్కాయి గాని మిగిలిన తెలుగు పుస్తకాలు దక్కలేదు. కనుక ఈ మీటను అమర్చుకోవడంలోనే జాగ్రత్త ఉండాలి. పుట తెరవగానే కనబడేది తెలుగు లిపే కావాలి. కన్నడ లిపి మీట నొక్కితేనే రావాలి. వచ్చినప్పుడు తెలుగు వాక్యాన్ని తీసివేయకుండా దాని కిందనే రావాలి. పైన తెలుగు అక్షరం, కింద కన్నడ అక్షరం, రెండింటికీ ఒకే మాట. క, గ, న, ర, ల వంటివి రెండు లిపులలోనూ దగ్గర పోలికలతోనే ఉన్నాయి. తలకట్టు తీరు పట్టుబడితే పిల్లవాడు సగం దూరం నడిచినట్లే. కొన్నాళ్ళకు కింది వరుసను చూడడం తనంతట తానే మానేస్తాడు. ఆ మీట నిచ్చెన వంటిది, మేడ ఎక్కేవరకే దానితో పని.

రెండవ ఉపకరణం రాయడానికి సంబంధించినది. ఇది బ్లాగుకు తగిలించేది కాదు, మన కంప్యూటరులోనూ ఫోనులోనూ ఉండవలసినది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి పెద్దవారికి సులువే. కాని పిల్లలకు అది తెలుగును ఇంగ్లీషు ద్వారా నేర్పుతుంది. 1980లలో కేంద్రప్రభుత్వం ప్రమాణంగా చేసిన ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరిక భారతీయ భాషలన్నింటికీ ఒక్కటే. కన్నడంలో క ఏ మీటమీద ఉన్నదో తెలుగులోనూ ఆ మీటమీదే ఉన్నది. బడిలోనో, కంప్యూటరు తరగతిలోనో ఇన్‌స్క్రిప్ట్‌లో కన్నడం కొట్టడం నేర్చిన పిల్లకు తెలుగు కొట్టడం వచ్చేసినట్లే. భాషను మార్చే మీట ఒక్కటి నొక్కితే చాలు. సరిహద్దున ఉండడం మనకు లాభమైన సందర్భాలు తక్కువ, ఇది వాటిలో ఒకటి.

రాయడం రాని అవ్వతాతల సంగతి ఏమిటి? 2017లో గూగుల్ తన మాటనుండి రాత ఏర్పాటును తెలుగుకూ, కన్నడానికీ విస్తరించింది. ఫోనులో మాట్లాడితే తెలుగు అక్షరాలు పడతాయి. మా ఇంట ఈ పద్ధతిని వాడి చూశాను. పని సులువవుతుంది, సందేహం లేదు. కాని పత్రికల తెలుగుకు అలవాటుపడిన ఆ యంత్రం మన మొరసునాటి పలుకును తనకు తెలిసిన మాటగా దిద్దివేస్తుంది. పెద్దవారు చెప్పేటప్పుడు పక్కన పిల్లలు కూర్చొని, యంత్రం మార్చిన మాటను మళ్ళీ మన మాటగా సరిదిద్దాలి. అవ్వ పలుకే సరైనదని, యంత్రానిదే పొరపాటని బిడ్డకు తెలియడంకంటే మంచి భాషాపాఠం ఏముంటుంది?

మూడవది ఖతి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఖతి వచ్చింది. దేశికాచారి గారి పోతన, వేమన ఖతులు తొలినాళ్ళ బ్లాగర్లకు ఆదుకోలు. ఆ తరువాత పెద్దన, తిమ్మన, సూరన్న వంటి పేర్లతో స్వేచ్ఛగా వాడుకోదగిన ఖతులు వచ్చాయి. ఏది వాడినా అది యూనికోడు ఖతి కావాలి, అక్షరం పెద్దదిగా ఉండాలి, వరుసల నడుమ ఎడముండాలి. మన వత్తులు కిందికి దిగుతాయి. ఇంగ్లీషుకోసం చేసిన పుటలో అవి కింది వరుసను తాకి కలిసిపోతాయి. కొత్తగా లిపి నేర్చుకునే పిల్లకు ఈ చిన్న లోపమే పెద్ద అడ్డంకి.

నాలుగవది చెత్తవ్యాఖ్యలను ఆపేది. వర్డ్‌ప్రెస్‌లో 2005 నుండి ఈ పని చేస్తున్న అకిస్మెట్ ఉన్నది. అయిదవది అన్నిటికంటే ముఖ్యమైనది, నకలు తీసి దాచేది. ఎంత పెద్ద సంస్థ ఇచ్చిన చోటయినా శాశ్వతం కాదు. యాహూ 2009 అక్టోబరులో జియోసిటీస్‌ను మూసివేసింది. గూగుల్ 2013 జులైలో రీడరును మూసివేసింది. బ్లాగులోని రాతలన్నింటినీ ఒక్క దస్త్రంగా దించుకునే వీలు వర్డ్‌ప్రెస్‌లోనూ, బ్లాగరులోనూ ఉన్నది. నెలకొకసారి దించి, ఇంట ఒకచోట, చుట్టాల ఇంట మరొకచోట దాచాలి. విత్తనాలను ఒక్క కుండలోనే ఉంచే రైతు మన పల్లెలలో లేడు.

ఇక వద్దనుకోవలసినవి. కుడిమీటను పనిచేయనీయకుండా చేసి, రాతను నకలు తీసుకోనివ్వని ప్లగిన్ ఒకటి చాలా బ్లాగులలో కనబడుతుంది. మన రాతను ఎవరో ఎత్తుకుపోతారన్న భయంతో దానిని పెడతారు. ఎత్తుకుపోయేవాడికి వేరే దారులు తెలుసు. నష్టపోయేది ఒక మాటను నకలు తీసి నిఘంటువులో వెదకదలచిన పిల్లవాడు. రాతను బొమ్మగా మార్చి పెట్టడమూ ఇటువంటిదే. బొమ్మలోని తెలుగును వెదకలేము, బిగ్గరగా చదివించలేము, పైన చెప్పిన లిపి మీట దానిమీద పనిచేయదు. పుటలను అల్లికలతో అలంకరించే కొన్ని ప్లగిన్లు మన వాక్యాల నడుమ తమ గుర్తులను నాటుతాయి. ఆ ప్లగిన్‌ను తీసివేసిననాడు అవ్వ కథ నిండా చదరపు కుండలాల గుర్తులు మిగులుతాయి. రాలే పూలు, తిరిగే గడియారాలు, వచ్చిపోయేవారిని లెక్కపెట్టే పెట్టెలు పల్లెలోని ఫోనులో పుటను నెమ్మదింపజేయడం తప్ప మరేమీ చేయవు.

ఏ ప్లగిన్‌ను తెచ్చినా మూడు ప్రశ్నలు అడగాలి. ఒకటి, దీనిని చివరిసారి ఎప్పుడు సవరించారు? వర్డ్‌ప్రెస్ వారి జాబితాలో ప్రతి ప్లగిన్ పక్కనా ఈ వివరం ఉంటుంది. ఏళ్ళతరబడి ఎవరూ చూడని పనిముట్టు దొంగకు తెరిచిన కిటికీ. రెండు, ఇది తెలుగు అక్షరాన్ని గౌరవిస్తుందా? జ్ఞా అనే ఒక్క తెలుగు అక్షరం కూర్పు 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను స్తంభింపజేసిన సంగతి, తరువాత 11.2.6 కూర్పుతో ఆపిల్ దానిని సరిదిద్దిన సంగతి ప్రపంచమంతటికీ తెలిసినవే. పెద్ద సంస్థల పనిముట్లలోనే ఇటువంటి లోటు ఉంటే, చిన్నవాటిని పరీక్షించక నమ్మరాదు. స్త్రీ, జ్ఞానం, రాష్ట్రం, కార్త్యాయని వంటి నాలుగు మాటలు రాసి చూస్తే తెలిసిపోతుంది. మూడు, రేపు ఇది మాయమైతే నా తెలుగు చెడకుండా మిగులుతుందా? మిగలదంటే అది ఎంత అందమైనదయినా వద్దు.

వాట్సాప్ ఉండగా ఇంత శ్రమ దేనికని యువకులు అడుగుతారు. వాట్సాప్‌లో పంపిన పాట మరుసటి వారానికి కనబడదు, మన గుంపులో లేనివారికి అసలే కనబడదు. బ్లాగులో రాసిన పాట పదేళ్ళ తరువాత కూడా, ఎక్కడో దుబాయిలో ఉన్న బాగేపల్లి బిడ్డ ఆ పాటలోని ఒక్క మాటతో వెదికితే దొరకాలి. అలా దొరకడానికి రాత యూనికోడులో ఉండాలి, లంకె చెడకుండా ఉండాలి. తెలుగు గుర్తు ఒక్కొక్కటి లంకెలో తొమ్మిది గుర్తులుగా మారి పొడవై పోతుంది కనుక, శీర్షిక తెలుగులో పెట్టి లంకెకు మాత్రం పొట్టిపేరు ఇవ్వడం మేలు.

రాయడానికి సరుకు లేదనే మాట మన దగ్గర చెల్లదు. పెన్న, చిత్రావతి, పాపఘ్ని మన నందికొండల ప్రాంతంలోనే పుట్టి తెలుగునాటికి పారుతున్నాయి. వాటి దారిలోని చెరువుల పేర్లు, తూముల పేర్లు, ఎండిన కాలువల పేర్లు ఎవరు రాసిపెట్టారు? రాగి కళ్ళంలో పాడుకున్న పాటలు, పట్టుపురుగుల పెంపకంలో ఆడవారు వాడే మాటలు, పొలాల హద్దుల పేర్లు, పిల్లల పొడుపుకథలు ముసలివారి నోళ్ళలోనే ఉన్నాయి. వారితోపాటే పోతున్నాయి. అందులో కన్నడ మాటలు కలిసి ఉంటే సిగ్గుపడనక్కరలేదు, అలాగే రాయాలి. కన్నడం మనకు పరాయిది కాదు, చదువునూ బ్రతుకునూ ఇచ్చిన నుడి. దానిని గౌరవిస్తూనే మన నుడిని మనం దాచుకోవచ్చు.

ప్రతి ఇంటా ఒకరు వారానికి ఒక్క పుట రాయండి. పెద్దలు చెప్పండి, పిల్లలు కొట్టండి. పైన తెలుగు, కింద మీట నొక్కితే కన్నడ లిపి. ఏడాదికి యాభై పుటలవుతాయి, ఊరికి పది ఇళ్ళు పూనుకుంటే అయిదు వందలు. బడి ఇవ్వని తెలుగు వాచకాన్ని మనమే తయారుచేసుకున్నట్లవుతుంది. రేపు మన పిల్లలకు తెలుగు పాఠం కావాలని ప్రభుత్వాన్ని అడిగేటప్పుడు, ఇదిగో మా పిల్లలు చదువుతున్న తెలుగు అని చూపించడానికి మన చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి.